స్ప్రింగ్ ట్రెయినింగ్‌కు వెళితే ముందు ఉదయపు సాధన చూడండి, ఆట ఆ తరువాత

డాలస్‌లో ఉంటున్న మీరు అడిగింది ఇది: జీవితమంతా క్రికెట్‌తోనే గడిపిన, ఒకప్పుడు జిల్లా స్థాయిలో ఆడిన మీ నాన్నగారు గుంటూరు నుంచి వస్తున్నారు, ఫిబ్రవరి చివర గానీ మార్చిలో గానీ నాలుగు రోజులు ఫీనిక్స్‌లో ఉండేలా ప్రయాణం పెట్టుకుంటున్నారు, బేస్‌బాల్ జట్ల స్ప్రింగ్ ట్రెయినింగ్ (సీజన్‌కు ముందు జరిగే సన్నాహక శిబిరం) ఆటకు ఒక టికెట్ కొని చూపిస్తే సరిపోతుందా, అంతకుమించి చూడదగినది ఏమైనా ఉందా? నేను పదిహేడేళ్లుగా ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఉంటున్నాను. ప్రతి ఏడూ శిబిరం జరిగే ఆరు వారాల్లో వీలు దొరికిన ఉదయమల్లా ఈ మైదానాల దగ్గరే గడుపుతాను, ఇండియా నుంచి వచ్చిన మా పెద్దవాళ్లను చాలామందిని అక్కడికి తీసుకెళ్లాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: టికెట్ కొన్న ఆట ఒక్కటే చూపిస్తే మీ నాన్నగారికి మీరు చూపించేది సగానికన్నా తక్కువ. ఒక రోజు ఉదయం సాధన మాత్రమే చూపించండి, ఆ మర్నాడు ఆటకు తీసుకెళ్లండి. ఈ వరుస తారుమారు చేయకండి.

ముందుగా ఈ ఏర్పాటు ఎలా ఉంటుందో చెబుతాను. బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లోని 30 జట్లలో 15 ఆరిజోనాలోనూ 15 ఫ్లోరిడాలోనూ సీజన్‌కు ముందు శిబిరాలు నిర్వహించుకుంటాయి. ఇక్కడి జట్ల సమూహాన్ని కాక్టస్ లీగ్ అంటారు, అక్కడిదాన్ని గ్రేప్‌ఫ్రూట్ లీగ్ అంటారు. ఫ్లోరిడాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గంటల తరబడి కారు నడపవలసి రావచ్చు గానీ, ఆరిజోనా జట్లన్నీ ఫీనిక్స్ చుట్టుపక్కలే పది ప్రాంగణాల్లో సర్దుకున్నాయి కాబట్టి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవారికి ఇదే అనువైన చోటు. ఫిబ్రవరి మధ్యలో పిచర్లు (మన బౌలర్లలా బంతి విసిరేవారు), క్యాచర్లు (బ్యాటర్ వెనుక వికెట్ కీపర్‌లా ఉండేవారు) ముందుగా వస్తారు, కొద్ది రోజుల తేడాతో మిగతావారు చేరతారు, ఆ నెల మూడో వారం దాటాక సన్నాహక ఆటలు మొదలై మార్చి చివరివారం దాకా సాగుతాయి. బ్యాటర్లు సిద్ధం కావడానికి ఆరు వారాలు అక్కరలేదు. ఆ వ్యవధి అంతా పిచర్ల చేతుల కోసం. శీతాకాలం విశ్రాంతి తీసుకున్న భుజాన్ని మొదట కొద్దిపాటి బంతులతో మేల్కొలిపి, తరువాత ఒక ఇన్నింగ్స్ (బేస్‌బాల్ ఆటలో ఇలాంటివి తొమ్మిది), ఆపైన రెండు, మూడు అంటూ పెంచుకుంటూ పోయి, మార్చి ముగిసేసరికి ఒక ఆటలో ఐదారు ఇన్నింగ్స్ విసరగల స్థితికి తెస్తారు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే అక్కడ కనబడే ప్రతి పనీ ఎందుకు ఆ వరుసలో జరుగుతోందో అర్థమవుతుంది.

తేదీలు ఇంకా నిర్ణయించుకోలేదన్నారు కాబట్టి నా సలహా ఫిబ్రవరి ఆఖరి పది రోజులు. అప్పటికి జట్టు మొత్తం చేరి ఉంటుంది, మైదానాలన్నింటిలోనూ పని సాగుతూ ఉంటుంది, తొలి ఆటలూ మొదలవుతాయి, జనం ఇంకా తక్కువగా ఉంటారు. మార్చి మధ్యకు వచ్చేసరికి పాఠశాలల సెలవులతో జనం పెరుగుతారు, టికెట్ల ధరలూ హోటల్ ధరలూ పెరుగుతాయి, పైగా పెద్ద ఆటగాళ్ల ఉదయపు సాధన రోజూ ఆట జరగడం వల్ల కుదించుకుపోతుంది. సాధన మైదానాలను సందర్శకులకు ఏ రోజుల్లో, ఏ వేళకు తెరుస్తారన్నది జట్టును బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతుంది కనుక బయలుదేరే ముందు రోజు ఆ జట్టు వెబ్‌సైటులో తప్పకుండా చూసుకోండి.

ఇక ఏ ప్రాంగణానికి వెళ్లాలన్నది. మీకు నేను సూచించేది స్కాట్స్‌డేల్‌ను ఆనుకుని ఉన్న సాల్ట్ రివర్ ఫీల్డ్స్. 2011లో తెరిచిన ఈ ప్రాంగణాన్ని ఆరిజోనా డైమండ్‌బ్యాక్స్, కొలరాడో రాకీస్ పంచుకుంటున్నాయి. ఇది సాల్ట్ రివర్ పీమా-మారికోపా ఆదివాసీ సముదాయపు సొంత భూమి మీద ఉంది; మేజర్ లీగ్ శిక్షణ ప్రాంగణం ఆదివాసీల భూమి మీద కట్టడం అదే మొదలు. దాదాపు 140 ఎకరాల స్థలం, నడుమ 11,000 మంది పట్టే స్టేడియం, దానికి చేరువలో జట్టుకు ఆరు చొప్పున పన్నెండు సాధన మైదానాలు. మైదానాల మధ్య నడక దారులు చదునుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న మా మామగారు కూడా ఇబ్బంది లేకుండా తిరిగారు. పశ్చిమాన గ్లెండేల్‌లో డాడ్జర్స్, వైట్ సాక్స్ పంచుకునే క్యామెల్‌బ్యాక్ రాంచ్ కూడా చాలా అందమైన చోటు. డాడ్జర్స్ జట్టు ఫ్లోరిడాలోని వేరో బీచ్‌లో 1948 నుంచి 2008 దాకా గడిపి, 2009లో ఇక్కడికి తరలివచ్చింది. కాని జపాన్ తార షోహెయ్ ఒహ్తానీ ఆ జట్టులో చేరినప్పటి నుంచి అక్కడి జనసమ్మర్దం పెద్దవాళ్లకు తగినది కాదని నా అభిప్రాయం. మీసాలో కబ్స్ ఆడే స్లోన్ పార్క్ 15,000 మంది పట్టే పెద్ద స్టేడియం, ఆట రోజు సందడి బాగుంటుంది గానీ టికెట్లు ప్రియం. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆడే స్కాట్స్‌డేల్ స్టేడియం నగరం నడుమ హాయిగా ఉంటుంది, అయితే సాధన మైదానాలన్నీ ఒకేచోట లేవు కనుక మీ పనికి సరిపడదు. జనం లేని ప్రశాంతత కావాలంటే వాయవ్యాన సర్‌ప్రైజ్ అనే ఊరు ఉంది. 2003 నుంచి కాన్సస్ సిటీ రాయల్స్, టెక్సస్ రేంజర్స్ అక్కడ సాధన చేస్తున్నాయి. మీరు డాలస్ నుంచి వస్తున్నారు కాబట్టి రేంజర్స్ మీద మీకు మక్కువ ఉంటే దూరమైనా అక్కడికి వెళ్లవచ్చు.

ఉదయం తొమ్మిదింటికల్లా సాధన మైదానాల దగ్గర ఉండండి. మొదట ఆటగాళ్లు వరుసలుగా నిలబడి జంటలు జంటలుగా బంతి విసురుకుంటారు. చూడటానికి మామూలుగా ఉండే ఈ పనిని దాటిపోకండి. దగ్గర నుంచి మొదలై ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతూ, చివరికి మైదానం ఈ కొసకూ ఆ కొసకూ మధ్య బంతి దాదాపు నేలకు సమాంతరంగా వెళ్లడం మీ నాన్నగారు చూడాలి. బౌండరీ నుంచి వికెట్ల మీదకు బంతి విసిరిన అనుభవం ఉన్నవారికి అందులోని గొప్పతనం ఎవరూ చెప్పనక్కరలేదు. ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు మైక్ యంగ్ అనే అమెరికన్ బేస్‌బాల్ శిక్షకుణ్ని ఫీల్డింగ్ నేర్పడానికి పిలిపించుకున్నది ఇందుకే.

ఆ తరువాత నేరుగా బుల్‌పెన్‌కు తీసుకెళ్లండి. పిచర్లు సాధన చేసే మట్టి దిబ్బలు అక్కడ పక్కపక్కనే వరుసగా ఉంటాయి, ఒకేసారి నలుగురైదుగురు విసురుతూ ఉంటారు, కంచె ఇవతల మీరు కొద్ది గజాల దూరంలో నిలబడవచ్చు. క్రికెట్ నెట్స్ వెనుక నిలబడి వేగంగా వేసే బౌలర్‌ను చూసినట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ బంతి నేలకు తగలదు. కొలతలు చెబితే మీ నాన్నగారికి ఆసక్తిగా ఉంటుంది. పిచర్ కాలు ఆనించే పలక నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్ దాకా 60 అడుగుల 6 అంగుళాలు. క్రికెట్‌లో ఈ క్రీజుకూ ఆ క్రీజుకూ మధ్య 58 అడుగులు. అంటే దూరం ఇంచుమించు ఒకటే. బేస్‌బాల్ బరువు 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి అంతకన్నా పది, పదిహేను గ్రాములు ఎక్కువ. కాని క్రికెట్ బంతి పిచ్ మీద పడి వేగం కోల్పోతుంది, ఇక్కడ గంటకు 95 మైళ్ల బంతి, అంటే సుమారు 153 కిలోమీటర్ల వేగంతో వచ్చేది, గాలిలోనే వంగి లేదా జారి క్యాచర్ చేతి తొడుగులో పడుతుంది. ఆ చప్పుడు టీవీలో ఎన్నడూ వినబడదు. మా మామగారు మొదటిసారి అది విన్నప్పుడు మాట్లాడుతున్నవారు మధ్యలో ఆగిపోయి, ఆ తరువాత ముప్పావుగంట అక్కడి నుంచి కదలలేదు.

బుల్‌పెన్ దగ్గర ఇంకో మాట చెప్పండి. క్యాచర్ వెనుక గానీ ముందు గానీ నేల మీద చిన్న పెట్టెలాంటి యంత్రాలు, సెకనుకు వందల బొమ్మలు తీసే కెమెరాలు ఉంటాయి. ప్రతి బంతి ఎంత వేగంతో, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతూ, ఎన్ని అంగుళాలు వంగిందో వెంటనే లెక్క వస్తుంది. రెండు బంతులకు ఒకసారి పిచర్ వచ్చి శిక్షకుడి చేతిలోని ట్యాబ్లెట్ చూసుకోవడం మీరు గమనిస్తారు. ఫీనిక్స్ గాలి పొడిగా, కాస్త పలచగా ఉండటం వల్ల వంపు తిరిగే బంతులు ఇక్కడ తక్కువగా వంగుతాయి, కొట్టిన బంతులు ఎక్కువ దూరం పోతాయి. అందుకే కాక్టస్ లీగ్‌లో ఒక బ్యాటర్ బాగా కొట్టాడన్న అంకెలను గానీ, ఒక పిచర్ పరుగులు ఇచ్చాడన్న అంకెలను గానీ ఈ ఆట తెలిసినవారు యథాతథంగా తీసుకోరు. బంతి తిరుగుడు ఎలా ఉంది, చేయి సులువుగా కదులుతోందా అని చూస్తారు.

పక్క మైదానంలో అదే సమయంలో పిచర్ల ఫీల్డింగ్ సాధన జరుగుతుంది. పిచర్ బంతి విసిరినట్టు నటిస్తాడు, శిక్షకుడు ఫంగో అనే సన్నని పొడవాటి బ్యాటుతో బంతిని మొదటి బేస్ (కొట్టిన బ్యాటర్ పరుగెత్తి చేరవలసిన మొదటి గుర్తు) వైపు దొర్లిస్తాడు, అక్కడి ఫీల్డర్ దాన్ని అందుకుని విసిరే బంతిని పిచర్ పరుగెత్తుకొచ్చి పట్టుకుని బేస్ తొక్కాలి. కోట్ల డాలర్ల జీతగాడూ, నిన్న మొన్న కాలేజీ వదిలిన కుర్రవాడూ ఒకే వరుసలో నిలబడి ఈ చిన్న పనిని పది, ఇరవై సార్లు చేస్తారు. సీజన్‌లో ఒక అడుగు ఆలస్యమైతే ఆట పోయే సందర్భం ఇదే కనుక ఎంతటివారికీ మినహాయింపు లేదు. ఇన్‌ఫీల్డర్లు నేలబారు బంతులు ఎత్తుకునే తీరును కూడా నిదానంగా చూడండి: బంతి వచ్చే ముందు పాదాలు సర్దుకోవడం, తొడుగులో నుంచి మరో చేతికి మార్చుకోవడం, విసరడం మూడూ ఒకే కదలికలా సాగిపోతాయి. ఇక ‘లైవ్ బీపీ’ అని పిలిచే భాగంలో నిజమైన పిచర్ నిజమైన బ్యాటర్‌కు విసురుతాడు. తొలి రోజుల్లో చాలామంది బ్యాటర్లు బ్యాటు కదపకుండా బంతిని కళ్లతో వెంబడిస్తూ ఊరకే నిలబడతారు. అది నిర్లక్ష్యం కాదు. నాలుగు నెలలుగా అంత వేగం చూడని కళ్లకు సాధన అది. ఈ సంగతి ముందే చెప్పకపోతే మీ నాన్నగారు ఆ కుర్రవాడికి ఆడటం చేతకాదనుకునే ప్రమాదం ఉంది.

మీ చూపును కొంతసేపైనా పెద్ద అంకెల చొక్కాల వైపు తిప్పమని నా మనవి. 70, 80, 90లలో ఉండే ఆ అంకెలు సాధారణంగా ఇంకా జట్టులో స్థిరపడనివారివి. ఒక జట్టు శిబిరానికి అరవై, డెబ్బై మంది దాకా వస్తారు, సీజన్ మొదటి రోజు జాబితాలో ఉండేది 26 మంది. మిగిలినవారిని మార్చి పొడవునా విడతలుగా కింది స్థాయికి పంపుతారు. వారికి తోడు చివరి మైదానాల్లో మైనర్ లీగ్ (కింది స్థాయి లీగ్) కుర్రవాళ్లు, పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లవారు, డొమినికన్ రిపబ్లిక్ నుంచీ వెనిజులా నుంచీ వచ్చినవారు ఉంటారు. మార్చిలో వారి ఆటలు ఆ వెనుక మైదానాల్లోనే జరుగుతాయి; ప్రేక్షకులు పదుల సంఖ్యలో ఉంటారు, అందులో సగం తల్లిదండ్రులు, మిగతావారు నోటు పుస్తకాలు పట్టుకుని ఆటగాళ్లను అంచనా వేసే స్కౌట్లు. ఈ కుర్రవాళ్లకు ఎంతో కాలం శిక్షణ శిబిరపు రోజులకు వేతనమే ఇచ్చేవారు కాదు. దాని మీద ఏళ్ల తరబడి నడిచిన దావా 2022లో 18.5 కోట్ల డాలర్ల పరిహారంతో ముగిసింది, 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్లకు తొలిసారిగా ఆటగాళ్ల సంఘం ద్వారా కుదిరిన ఒప్పందంలో శిబిరపు రోజులకూ వేతనం చేరింది. నేను ఇక్కడికి వచ్చిన తొలి సంవత్సరాల్లో ఆ మైదానాల్లో చూసిన పిల్లలు ఉచితంగా పనిచేస్తున్నారన్న సంగతి నాకు తెలియదు, తెలిశాక చాలా బాధపడ్డాను.

మన దేశం నుంచి ఈ వెనుక మైదానాల దాకా వచ్చినవారు ఇద్దరున్నారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ క్రీడాకారులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో ఒక టీవీ పోటీలో బంతి వేగంగా, గురిగా విసిరి గెలిచి, ఆ ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఆ జట్టు శిబిరం ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో ఉంది. 2009లో రింకూ సింగ్ కింది స్థాయి లీగ్‌లో ఒక ఆట గెలిచిన పిచర్‌గా నమోదయ్యాడు. అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో అది భారతీయుడి తొలి విజయం. బంతిని పట్టుకోవడం కూడా కొత్తగా నేర్చుకున్న ఇద్దరు పల్లెటూరి యువకులు అంతదాకా వెళ్లారన్న మాట మీ నాన్నగారికి చెప్పి ఆ వెనుక మైదానాలు చూపించండి, ఆయన చూసే తీరు మారుతుంది.

రెండో రోజు ఆట విషయం. ఇది ఫలితం కోసం ఆడే ఆట కాదని ముందే చెప్పాలి. ఫిబ్రవరిలో పేరున్న ఆటగాళ్లు రెండు, మూడు ఇన్నింగ్స్ ఆడి వెళ్లిపోతారు, ఇతర ఊళ్ల ఆటలకు చాలావరకు రారు. ఒకే రోజు జట్టును రెండుగా చీల్చి రెండు చోట్ల ఆడించడం కూడా ఉంది, దాన్ని స్ప్లిట్ స్క్వాడ్ అంటారు. నేను మొదటి సంవత్సరం ఒకే ఒక్క ఆటగాడిని చూడటానికి ఖరీదైన టికెట్ కొని, ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆలస్యంగా వెళ్లేసరికి ఆయన ఆడటం ముగించి వెళ్లిపోయారు. అందువల్ల మీకు ఇష్టమైన జట్టు తన సొంత మైదానంలో ఆడే రోజునే ఎంచుకోండి, అరగంట ముందుగా సీట్లో ఉండండి.

ఆటలో మీ నాన్నగారికి వెంటనే అర్థమయ్యేది ఒకటుంది. బంతి స్ట్రైక్ అవునో కాదో, అంటే బ్యాటర్ కొట్టదగిన హద్దులో వచ్చిందో లేదో, అంపైర్ చెప్పిన తీర్పును బ్యాటర్ గానీ పిచర్ గానీ క్యాచర్ గానీ తన తల మీద తట్టి సవాలు చేయవచ్చు. తెర మీద బంతి దారి చూపించి తీర్పు ఖరారు చేస్తారు. జట్టుకు రెండు సవాళ్లు, సరైనదని తేలితే ఆ సవాలు మిగిలే ఉంటుంది. 2025లో ఈ స్ప్రింగ్ ట్రెయినింగ్ ఆటల్లోనే దీన్ని పరీక్షించి, 2026 నుంచి అసలు సీజన్‌లో పెట్టడానికి ఆమోదించారు. ఎల్‌బీడబ్ల్యూకు వాడే హాక్-ఐ సాంకేతికతే ఇక్కడా పనిచేస్తుంది కాబట్టి డీఆర్‌ఎస్ తెలిసినవారికి వేరే వివరణ అక్కరలేదు. పిచర్‌కు పెట్టిన గడియారం కూడా ఇలాగే 2019 శిబిరాల్లో పరీక్షకు వచ్చి, 2023 నుంచి అసలు సీజన్‌లో అమలైంది. ఇప్పుడు బేసుల మీద ఎవరూ లేనప్పుడు 15 సెకన్లలో, ఉన్నప్పుడు 18 సెకన్లలో బంతి విసరాలి.

ఈ ఎడారి ఊరికి బేస్‌బాల్ శిబిరాలు వచ్చిన కథలో ఒక భాగం ఆయనకు చెప్పదగినది. 1947లో న్యూయార్క్ జెయింట్స్ (ఇప్పటి శాన్ ఫ్రాన్సిస్కో జట్టే) ఫీనిక్స్‌కూ, క్లీవ్‌లాండ్ జట్టు టూసాన్‌కూ రావడంతో కాక్టస్ లీగ్‌కు బీజం పడింది. అదే ఏడాది జూలైలో క్లీవ్‌లాండ్ యజమాని బిల్ వెక్, లారీ డోబీని తీసుకుని, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడిగా దించాడు. ఫ్లోరిడా వర్ణవివక్ష నచ్చకే ఆరిజోనాకు వచ్చానని వెక్ తరువాత చెప్పుకున్నాడు. కాని మరుసటి ఏడు శిబిరానికి వచ్చిన డోబీని టూసాన్‌లో జట్టు దిగిన హోటల్ రానివ్వలేదు.

ఇక జాగ్రత్తలు. ఫిబ్రవరి ఉదయాల్లో చలి ఉంటుంది, పదకొండు దాటితే ఎండ ముఖం మీద కాలుతుంది, గాలి పొడిగా ఉండటంతో చెమట తెలియదు; కాబట్టి పైన తీసివేయగల స్వెట్టరు, అంచు పెద్దదైన టోపీ, దాహం లేకపోయినా తాగడానికి నీళ్లు ఉండాలి. ఆటకు హోమ్ ప్లేట్ వెనుక నుంచి మూడో బేస్ వైపు, పై వరుసల్లో సీట్లు తీసుకోండి. మధ్యాహ్నపు నీడ సాధారణంగా అటే ముందుగా వస్తుంది. అవుట్‌ఫీల్డ్ అవతల గడ్డి వాలు మీద కూర్చునే టికెట్ చవక, పిల్లలకు బాగుంటుంది, పెద్దవాళ్లకు నీడా ఆనుకోవడానికి చోటూ ఉండదు. హాట్ డాగ్‌లో ఉండేది ఎక్కువగా గొడ్డు మాంసం లేదా పంది మాంసం. ఆయన తినరనుకుంటే ముందే చెప్పండి, శాకాహారికి పిజ్జా, వేపిన బంగాళాదుంప ముక్కలు తప్ప పెద్దగా దొరకవు కనుక ఇంటి దగ్గరే భోజనం చేసి రావడం మేలు. సంచుల విషయంలో, లోపలికి తెచ్చుకునే తిండి, నీళ్ల విషయంలో ప్రతి స్టేడియానికీ వేరే నియమాలున్నాయి, ముందు రోజు చదువుకోండి.

సాధన మైదానాల దగ్గర అన్నిటికన్నా ముఖ్యమైనది బంతుల ప్రమాదం. ఒకేసారి నాలుగు మైదానాల్లో బ్యాటింగ్ జరుగుతుంటుంది, మీరు ముందున్న మైదానాన్ని చూస్తుంటే వెనుక మైదానం నుంచి బంతి కంచె దాటి రావచ్చు. ఒకసారి నేను ఫోన్ చూసుకుంటూ ఉండగా మా బాబాయి గారి భుజానికి జానెడు దూరంలో బంతి పడింది. ఎవరైనా గట్టిగా అరిస్తే పైకి చూడకుండా తల కప్పుకుని వంగమని ఆయనకు ముందే చెప్పి ఉంచండి. సంతకాలు కావాలంటే ఆటగాళ్లు ఒక మైదానం నుంచి ఇంకో మైదానానికి నడిచే దారి పక్కన, సాధన ముగిసే పదకొండు, పన్నెండు గంటల వేళ నిలబడండి. పని మధ్యలో పిలవకండి, ముందు పిల్లలకు దారి ఇవ్వండి, బంతి మీద సంతకానికి నీలి రంగు బాల్‌పెన్ తీసుకెళ్లండి, మార్కర్ సిరా తోలు మీద పాకిపోతుంది.

ఒక చిన్న వివరం మిగిలింది. ఆరిజోనాలో గడియారం మార్చరు, కాబట్టి గుంటూరులో మీ అమ్మగారితో మాట్లాడాలంటే ఎప్పుడైనా పన్నెండున్నర గంటలు కలుపుకోండి. డాలస్ గడియారం మాత్రం మార్చి రెండో ఆదివారం మారుతుంది. ఆ రోజు దాటి వస్తే మీకు, ఇక్కడికి తేడా గంట కాదు, రెండు గంటలు. తిరుగు విమానం టికెట్ తీసుకునేటప్పుడు అది చూసుకోండి.